బెంగ పడిన కడుపు: మానసిక ఒత్తిడి, పిల్లల తిండి, అరుగుదల – కోనసీమ నేపథ్యంలో ఒక సమీక్ష

పిల్లల ఆహారాన్ని గురించిన చర్చ తెలుగునాట చాలాకాలంగా పరిమాణం చుట్టూనే తిరుగుతోంది. ఎంత బియ్యం, ఎంత పప్పు, వారానికి ఎన్ని గుడ్లు, రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత అన్నవే అందులో ముఖ్యమైన ప్రశ్నలు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు; ఆరు నెలలు దాటిన అయిదేళ్ళలోపు వారిలో 63.2 శాతం మంది రక్తహీనులు. లెక్కలు ఇలా ఉన్నప్పుడు పరిమాణం ప్రశ్న ముందుకు రావడంలో తప్పేమీ లేదు. అయితే కంచంలో పడినదంతా కడుపులోకి పోదు, కడుపులోకి పోయినదంతా ఒంటికి పట్టదు. ఈ రెండు చోట్లా జరిగే నష్టంలో మనసు వాటా ఎంత, అది ఏ దారిన పేగులదాకా చేరుతుంది, పెద్దలు దాన్ని తగ్గించగలరా, తమకు తెలియకుండానే పెంచుతున్నారా అన్నవి ఇక్కడ పరిశీలించదగిన విషయాలు.

ఈ పరిశీలనకు కోనసీమ అనువైన ప్రాంతం. వృద్ధ గౌతమి ఒడ్డున, భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి నిత్యకల్యాణంతో పేరుపడిన మురమళ్ళను కేంద్రంగా పెట్టుకుని ఇటు ముమ్మిడివరం, కాట్రేనికోన, అటు అమలాపురం, రాజోలు, కొత్తపేటల వరకూ చూస్తే వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు కనిపిస్తాయే గాని కరువు కనిపించదు. అందువల్ల ఇక్కడి పిల్లవాడు తిండి తినకపోవడానికి తిండి లేకపోవడమొక్కటే కారణమని సరిపెట్టుకోవడానికి వీలుండదు. పైగా పిల్లల మనసును కలవరపెట్టే మూడు విషయాలు ఈ ప్రాంతంలో ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఏటా బెదిరించే గోదావరి, సముద్రం మొదటివి. ఇంటి పనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన తల్లులు విడిచివెళ్ళిన ఖాళీ రెండవది. మార్కుల కోసం పిల్లలను ఇంటికి దూరం చేసే హాస్టలు చదువు మూడవది.

మనసుకూ జీర్ణానికీ సంబంధం ఉందన్న ఎరుక కొత్తది కాదు. చరక సంహిత విమానస్థానంలోని రెండవ అధ్యాయం, తగిన మోతాదులో తిన్న మేలైన అన్నం కూడా చింత, శోకం, భయం, కోపం, సుఖంలేని పడక, నిద్రలేమి ఉన్నవారికి అరగదని చెబుతుంది. ఆ జాబితాలోని చివరి రెండింటిని నేటి హాస్టలు గదులతో పోల్చి చూసుకునే పని పాఠకులదే. ఐరోపా, అమెరికా వైద్యంలో దీనికి ప్రత్యక్ష సాక్ష్యం పందొమ్మిదో శతాబ్దంలో దొరికింది. 1822లో తుపాకీ గాయం వల్ల పొట్టమీద మూతపడని రంధ్రం ఏర్పడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి జీర్ణాశయాన్ని ఏళ్ళ తరబడి గమనించిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్, అతడికి కోపం వచ్చినప్పుడు జీర్ణాశయపు లోపొర తీరు మారడాన్ని, అరుగుదల చెడడాన్ని చూసి 1833లో గ్రంథస్థం చేశాడు. ఆ శతాబ్దం చివరలో వాల్టర్ కానన్ అప్పుడే కనిపెట్టిన ఎక్స్‌రేల సాయంతో పిల్లుల జీర్ణాశయాన్ని పరిశీలిస్తూ, జంతువు కలత చెందిన క్షణంలో దాని కదలికలు ఆగిపోతున్నాయని, అది శాంతించాక తిరిగి మొదలవుతున్నాయని నిరూపించాడు.

ఆ ఆగిపోవడం ఎలా జరుగుతుందో ఇప్పుడు చాలావరకు తెలుసు. అన్నవాహిక నుంచి మలద్వారం వరకు గోడల పొరల్లో పది కోట్లకు పైగా నాడీకణాలు అల్లుకుని ఉంటాయి. మెదడు ఆజ్ఞ లేకుండానే పేగును నడపగలిగిన ఈ అల్లికను పేగుల నాడీవ్యవస్థ అంటారు. మెదడు కాండం నుంచి ఉదరం దాకా దిగే వేగస్ నాడి ఈ అల్లికకూ మెదడుకూ మధ్య వార్తలు మోస్తుంది. ఆ నాడిలోని తంతువుల్లో ఎక్కువ భాగం పేగు నుంచి మెదడుకు వార్త చేరవేసేవే. భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ఒక హార్మోనును విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి, దాని వెంట మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు పనిలోకి దిగి, చివరకు కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను రక్తంలో పెరుగుతుంది. ఈ గొలుసులోని మొదటి హార్మోను జీర్ణాశయం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తూ, అదే సమయంలో పెద్దపేగు కదలికను వేగిరం చేస్తుంది. పరీక్ష ఉన్న పొద్దున ఇడ్లీ ముక్క గొంతు దిగని పిల్లవాడే రెండుసార్లు దొడ్డికి పరుగెత్తవలసి రావడంలోని వైరుధ్యం దీనితో విడిపోతుంది. పై భాగం బిగుసుకుంటే కింది భాగం తొందరపడుతుంది.

ఆకలి విషయంలో ఒత్తిడి రెండు విధాలుగా పనిచేస్తుంది. అప్పటికప్పుడు కలిగిన భయం ఆకలిని చంపుతుంది. రోజుల తరబడి నిలిచిపోయిన దిగులు, కార్టిసోల్ చాలాకాలం ఎక్కువగా ఉండడం వల్ల, తీపిని, నూనెను, ఉప్పును కోరే ఆకలిని రేపగలదు. ఒకే ఇంట్లో ఒకే కష్టానికి లోనైన అన్నదమ్ముల్లో ఒకడు చిక్కిపోవడం, మరొకడు దుకాణంలోని చిప్స్ పొట్లాలకు అలవాటుపడి లావెక్కడం ఇందువల్లనే అసంభవం కాదు. చిక్కినవాడి మీద జాలి, లావెక్కినవాడి మీద ఎగతాళి చూపించే సమాజం ఒకే బాధకు రెండు తీర్పులు ఇస్తోందన్నమాట.

ఒత్తిడి తరచుగా వేసుకునే వేషం కడుపునొప్పి. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించిన జాన్ ఆప్లే, నయోమీ నేష్ 1958లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పదిమందిలో ఒకరికి పైగా పిల్లలు, మూడు నెలల్లో కనీసం మూడుసార్లు, రోజువారీ పనులకు అడ్డుపడేంత కడుపునొప్పితో బాధపడ్డారు. వారిలో శరీర అవయవాలకు సంబంధించిన జబ్బు బయటపడినది చాలా కొద్దిమందిలో మాత్రమే. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అవయవ సంబంధమైన జబ్బుకు అంత ఎక్కువ అవకాశముందన్న ఆప్లే సూత్రం నేటికీ పిల్లల వైద్యులకు పనికివస్తూనే ఉంది. ఈ కోవకు చెందిన బాధలను, జీర్ణవ్యవస్థ రుగ్మతలను వర్గీకరించే రోమ్ ప్రమాణాల 2016 నాటి నాలుగవ కూర్పు మెదడుకూ పేగుకూ మధ్య జరిగే సంభాషణలోని లోపాలుగా వర్ణించింది. అంటే నొప్పి కల్పితం కాదు. పేగు గోడల్లోని నాడులు అతిగా స్పందించే స్థితికి చేరినందువల్ల మామూలు గాలి కదలిక, మామూలు సాగుడు కూడా నొప్పిగా మెదడుకు అందుతాయి. 2004లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో మాటిమాటికీ కడుపునొప్పి వచ్చే 42 మంది పిల్లల్లో 79 శాతం మందికి ఆందోళన రుగ్మత ఉన్నట్టు తేలింది. బడి ఎగ్గొట్టడానికి వేసిన నాటకమని ఇంట్లోనూ బడిలోనూ తేల్చిపారేసే నొప్పుల్లో ఎన్నో నిజమైన నొప్పులేనని ఈ పరిశోధనల సారం.

తిండి సరిపడా ఉన్నా మనసు బాగోకపోతే పెరుగుదల కుంటుపడుతుందనడానికి అతి బలమైన ఆధారం, దాదాపు యాదృచ్ఛికంగా, రెండో ప్రపంచయుద్ధం తరవాతి జర్మనీలో దొరికింది. బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ 1948లో వూపర్టాల్ నగరంలోని రెండు అనాథాశ్రమాలను ఎంచుకుంది. ఒక్కొక్కదానిలో నాలుగు నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న సుమారు యాభైమంది పిల్లలు ఉండేవారు. మొదటి ఆరు నెలలు రెండు చోట్లా ఒకే రేషను. తరవాతి ఆరు నెలలు ఒక ఆశ్రమానికి అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం ఇచ్చారు. అదనపు తిండి అందిన పిల్లలు ముందుకు పోవలసింది. జరిగింది దానికి విరుద్ధం: రేషను సమానంగా ఉన్నన్నాళ్ళూ బాగా బరువు పెరిగిన ఆ ఆశ్రమం, అదనపు తిండి మొదలయ్యాక వెనకబడింది, తిండి పెరగని రెండవ ఆశ్రమం దాన్ని మించిపోయింది. కారణం ఆరా తీస్తే, సరిగ్గా ఆ మార్పు సమయంలోనే రెండవ ఆశ్రమంలోని కఠినురాలైన పర్యవేక్షకురాలు మొదటిదానికి బదిలీ అయిందని తేలింది. పిల్లలు భోజనానికి కూర్చున్నప్పుడే అందరి ఎదుటా చీవాట్లు పెట్టడం ఆమె పద్ధతి. అవి ముగిసేసరికి తిండి చల్లారిపోయేది, పిల్లలు బెదిరిపోయేవారు, కొందరు ఏడ్చేవారు. ఆమెకు ముద్దుబిడ్డలైన ఎనిమిదిమందిని మాత్రం ఆమె తన వెంట తెచ్చుకుంది. వారు చక్కగా పెరిగారు. విడోసన్ 1951లో ఈ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. తిండిని లెక్కించడానికి వెళ్ళిన శాస్త్రజ్ఞురాలు వడ్డించే మనిషిని లెక్కలోకి తీసుకోక తప్పని స్థితి అది. ఏ సాంఘిక సంక్షేమ హాస్టలు వార్డెను శిక్షణలోనైనా ఈ ఒక్క ఉదంతం పాఠంగా ఉండదగినది.

ఇక గల్ఫ్ వలస. ఆంధ్రప్రదేశ్ నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలలో ఉభయ గోదావరి ప్రాంతాలవారు, కడప ప్రాంతంవారు ఎక్కువ. కోనసీమ పల్లెల్లో కువైట్, మస్కట్, దుబాయ్ అన్న పేర్లు పక్క ఊళ్ళ పేర్లంత సహజంగా మాటల్లో దొర్లుతాయి. వలస అనుమతి తప్పనిసరైన దేశాలకు ఇంటిపని కోసం వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్ళు నిండాలని భారత ప్రభుత్వ నిబంధన. స్త్రీల రక్షణ కోసమే పెట్టిన ఈ నియమానికి ఎవరూ తలపెట్టని ఒక పర్యవసానం ఉంది: తెలుగు పల్లెల్లో ముప్పై ఏళ్ళు నిండిన స్త్రీ చాలావరకు బడికి వెళ్ళే పిల్లల తల్లి. రెండేళ్ళ ఒప్పందం మీద ఆమె వెళితే పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో మిగులుతారు. డబ్బు వస్తుంది, పెంకుటిల్లు డాబా అవుతుంది, గుడ్డూ పాలూ కొనడానికి లోటుండదు. అయినా పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడని, అన్నం సయించడం లేదని, రాత్రిళ్ళు కడుపు పట్టుకుని ఏడుస్తున్నాడని ఆ పెద్దావిడ అంటుంది. వలస వెళ్ళిన తల్లిదండ్రుల పిల్లల మీద వివిధ దేశాల్లో జరిగిన 111 అధ్యయనాలను కలిపి 2018లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ ఆమె మాటకు బలమిస్తుంది: అటువంటి పిల్లల్లో కుంగుబాటు, ఆందోళనలతోపాటు ఎత్తుకు తగిన బరువు లేకపోవడం, వయసుకు తగిన ఎత్తు లేకపోవడం కూడా ఎక్కువేనని అది తేల్చింది. ఆ అధ్యయనాల్లో 91 చైనాకు చెందినవే కనుక ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి దింపుకోవడం తొందరపాటు అవుతుంది. చైనాలో పిల్లలను విడిచివెళ్ళేది దేశంలోనే మరో నగరానికి, ఇక్కడ సముద్రం ఆవలికి. అయితే పంపిన డబ్బు దానంతటదే పిల్లల ఎత్తుగానూ బరువుగానూ మారిపోదన్న మూలాంశం రెండు చోట్లకూ వర్తిస్తుంది. వీడియో కాల్‌లో తల్లి అడిగే మొదటి ప్రశ్న తిన్నావా అన్నదే కావడంలో ప్రేమ ఉంది; కాని తినడమూ తినకపోవడమూ ఆ దూరాన్ని ప్రశ్నించడానికి పిల్లవాడి చేతిలో ఉన్న ఒకే ఒక సాధనంగా మారే ప్రమాదమూ అందులోనే ఉంది. ఇందుకు తల్లిని దోషిని చేయడం అన్యాయం. ఇల్లు గడవని స్థితిలో ఉన్నా ఆ పిల్లవాడి కడుపు ఇంతకన్న సుఖంగా ఉండేది కాదు.

నీటి భయం స్వభావం వేరు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసుకుంది. అది మిగిల్చిన నష్టంలో అధికభాగం ఐ.పోలవరం, కాట్రేనికోన పరిసర తీరగ్రామాలదే. 1986 ఆగస్టు వరద, ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులై వరద లంక గ్రామాలను రోజుల తరబడి కుదురు లేకుండా చేశాయి. 1999 ఒడిశా పెనుతుపానుకు లోనైన 447 మంది విద్యార్థులను ఏడాది తరవాత పరీక్షించినప్పుడు వారిలో 30.6 శాతం మందిలో విపత్తు అనంతర మానసిక ఆఘాత రుగ్మత కనిపించింది. గాలి శబ్దానికి ఉలిక్కిపడే, నిద్రలో లేచి కూర్చునే పిల్లవాణ్ణి జడుసుకున్నాడంటారు. జడుపుతో వచ్చే వాంతినీ విరేచనాన్నీ వరదనీటి కాలుష్యం వల్ల వచ్చే వాంతి, విరేచనాల నుంచి వేరుచేయడం మాత్రం వైద్యుడికైనా తేలిక కాదు. వరదల తరవాత వారాల్లో విరేచనాలను మనోవేదనకు ముడిపెట్టకుండా ముందు కలుషిత నీటికి ముడిపెట్టి, లవణ ద్రావణం పట్టించడమే సురక్షితం. నీరు తీసి, బళ్ళు తెరిచాక కూడా పొద్దున్నే వచ్చే వికారం, మబ్బు పట్టినప్పుడల్లా వచ్చే కడుపునొప్పి మిగిలితే అప్పుడు భయం గురించి ఆలోచించాలి.

విపత్తు కాలంలో బడిభోజనం చేసే మేలుకు తెలుగునేల మీదనే మంచి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు మూడువేల మంది పిల్లలను అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనపు సమాచారంతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ చేసిన విశ్లేషణ, 2002–03 కరువు వల్ల చిన్నపిల్లల ఎదుగుదలలో ఏర్పడిన లోటును మధ్యాహ్న భోజనం పూడ్చిందని చూపించింది. వారు కొలిచినది పోషణను మాత్రమే. అయినా ఇంట్లో ఏది ఎటుపోయినా పన్నెండున్నరకు పదిమందితో కలిసి కూర్చుంటే వేడి అన్నం దొరుకుతుందన్న నిశ్చయం కూడా కేలరీలతో సమానమైన పోషకమేనని భావించడానికి విడోసన్ ఫలితాలు ధైర్యమిస్తాయి. రాష్ట్రంలో ఈ పథకానికి ఇప్పుడున్న పేరు కోనసీమ మనిషిదే: లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు. ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అన్న జాతీయ ప్రమాణం అవసరమే. ఆమె పేరు నిలవడానికి కారణం మాత్రం ఆ లెక్కకు అందేది కాదు.

హాస్టలు చదువు గురించి చెప్పవలసినది చాలావరకు అందరికీ తెలిసినదే. తెల్లవారుజామున లేపడం, వరసలో నిలబడి పది నిమిషాల్లో తినడం, రాత్రి పొద్దుపోయేదాకా చదువు, ఆదివారం పరీక్ష అన్న క్రమం జీర్ణానికి కావలసిన తీరికను హరిస్తుంది. తక్కువగా చర్చకు వచ్చేది మరుగుదొడ్డి. మురికిగా ఉండడం వల్లనో, తలుపు పడనందువల్లనో, అడిగితే నవ్వుతారన్న సిగ్గువల్లనో పిల్లలు మలాన్ని ఆపుకుంటారు. ఆగిన మలం గట్టిపడుతుంది, విసర్జన నొప్పిస్తుంది, ఆ నొప్పికి భయపడి మరింత ఆపుకుంటారు. క్రమంగా పేగు చివరిభాగం సాగి స్పర్శ మందగిస్తుంది; గట్టి మలం పక్కల నుంచి పలచటి మలం జారి బట్టలు పాడవుతాయి. దీన్ని పెద్దలు విరేచనమని పొరబడి పత్యం పెడతారు, లేదా సోమరితనమని కొడతారు. రెండూ జబ్బును ముదురుస్తాయి. మలబద్ధకం ఉన్న పిల్లవాడికి ఆకలి కూడా మందగిస్తుంది కనుక ఈ తిండి సమస్యకు పరిష్కారం వంటగదిలో కాక నీళ్ళ కుళాయి, తలుపు గడియలలో ఉంటుంది. 2019లో మొదలైన నాడు–నేడు కార్యక్రమంలో మరుగుదొడ్లను ఒక ప్రధానాంశంగా చేర్చడాన్ని ఆరోగ్యదృష్టితో కూడా చూడవలసి ఉంది.

పెద్దల స్పందన మేలూ చేయగలదు, కీడూ చేయగలదు. 2006లో ప్రచురితమైన రెండు అమెరికన్ ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవాలి. లిన్ వాకర్ బృందం పిల్లలతో ఎక్కువ నీళ్ళు తాగించి పొట్టలో ఇబ్బంది కలిగించాక, ఆ ఇబ్బంది గురించే తల్లిదండ్రులు మాట్లాడిన పిల్లల్లో ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. మాట మళ్ళించిన పిల్లల్లో సగానికి తగ్గాయి. ఏమీ విననట్టు ఉండమని దీని అర్థం కాదు; ఒకసారి విని, తడిమి, పక్కన కూర్చుని, తరవాత ఆటలోకో పనిలోకో దించమని అర్థం. గాలోవే, బర్చ్ తదితరుల ప్రయోగంలో సూప్ పూర్తిచేయమని పదేపదే ఒత్తిడి చేసిన పిల్లలు, ఒత్తిడి లేని పిల్లలకన్న తక్కువ తాగారు, ఎక్కువ విసుక్కున్నారు. బూచాడొస్తాడనీ పోలీసుకు పట్టిస్తాననీ బెదిరిస్తూ కుక్కే ముద్ద ఆ కంచంలోని అన్నాన్నే భయంతో ముడివేస్తుంది. చందమామను చూపిస్తూ, పిల్ల నోరు తెరిచేదాకా ఆగి పెట్టే గోరుముద్దలో ఈ ఒత్తిడి లేదు. పోషకాహార శాస్త్రం దీన్నే స్పందనతో కూడిన తినిపింపు అంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో, సుమారు 600 మంది పసిపిల్లల తల్లులతో నిర్వహించి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, ఏమి పెట్టాలో చెప్పడంతోపాటు ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పిన గ్రామాల పిల్లల మానసిక వికాసం మెరుగ్గా ఉన్నట్టు తేలింది.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, వాము నీళ్ళు పట్టడం వంటివాటిని ఈ వెలుగులో ఎలా చూడాలి? ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయడం వల్ల పేగుకు జరిగేదేమీ లేదు. తనను ఎవరో పట్టించుకున్నారన్న ఊరట పిల్లకు, ఏదో చేశామన్న నెమ్మది ఇంటి పెద్దకు కలిగితే కలగవచ్చు. అది వైద్యాన్ని ఆలస్యం చేయనంతవరకు తగవు పెట్టుకోవలసినది కాదు. దిష్టి తీశాం గనుక ఆస్పత్రి అక్కరలేదన్నచోట మాత్రం రాజీ పనికిరాదు.

అటువైపు అతి కూడా ఉంది. అన్నిటికీ టెన్షనే కారణమనే వైద్యుడు, జబ్బే లేదనే వైద్యుడంత ప్రమాదకారి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట నిలిచే నొప్పి, మలంలో రక్తం, ఆకుపచ్చని వాంతి, విడవని జ్వరం, కామెర్లు, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం ఉంటే ఒత్తిడి మాట పక్కన పెట్టి పూర్తి పరీక్షలు చేయించాలి. అంతకన్న ముందు తేలికైనవి చూసుకోవాలి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్ళలో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేసుకున్నాడా, రక్తహీనత ఉందా, దక్షిణాదివారిలో ఎక్కువగా కనిపించే పాలు అరగని గుణం వల్ల పాలు తాగినప్పుడల్లా పొట్ట ఉబ్బుతోందా అన్నవి తేలాక మిగిలిన నొప్పినే మనసు వైపు నుంచి పరిశీలించాలి. అలా తేలిన నొప్పికి చికిత్స ఉంది. ఆలోచనలను, నొప్పి పట్ల స్పందనను మార్చడం నేర్పే ప్రవర్తనా చికిత్స పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో 53 మంది పిల్లల మీద జరిగి 2007లో ప్రచురితమైన పరీక్షలో, పేగుపై దృష్టి నిలిపే సమ్మోహన చికిత్స పొందినవారిలో ఏడాది తరవాత 85 శాతం మంది కోలుకోగా, మామూలు చికిత్స పొందినవారిలో 25 శాతం మందే కోలుకున్నారు. ఇటువంటి నిపుణులు జిల్లా కేంద్రాల్లోనే అరుదు కనుక, మురమళ్ళ వంటి ఊళ్ళలో మొదటి పని బడి ఉపాధ్యాయుడిదీ, అంగన్‌వాడీ కార్యకర్తదీ, ఏఎన్ఎమ్‌దీ అవుతుంది.

బళ్ళలో పిల్లల ఎత్తూ బరువూ కొలిచి రాసుకునే పుస్తకంలోనే మరి మూడు గడులు గీయడానికి ఖర్చేమీ లేదు: రాత్రి అన్నం ఎవరితో కలిసి తింటున్నాడు, కడుపునొప్పి ఏయే రోజుల్లో వస్తోంది, బడి మరుగుదొడ్డికి వెళుతున్నాడా. బరువు పెరగని పిల్లవాడి పేరు ఎదుట ఈ మూడూ నింపకుండా మరో గుడ్డు, మరో గ్లాసు రాగిజావ మాత్రమే రాసిపెట్టడం సగం వైద్యమే. కోనసీమ బళ్ళ ప్రధానోపాధ్యాయులు ఈ విద్యా సంవత్సరంలోనే ఆ గడులు గీయించాలి.